రబ్బరుతో పోయేదానికి ఏటా చందా

ఈ మధ్య మా కాలనీలో ఎవరింటికి వెళ్లినా ఒకటే తంతు. కాఫీ ఇస్తారు, మోకాళ్ల నొప్పుల సంగతి అడుగుతారు, ఆ తరవాత లోపలి గదిలోంచి లాప్‌టాప్ పట్టుకొస్తారు. "చూడండి కాస్త, ఎర్రగా ఏదో వస్తోంది" అంటారు. మూత తీసి నిమిషం కాకముందే కుడిచేతి మూలన ఒక డబ్బా లేస్తుంది. మీ కంప్యూటర్లో వెయ్యి చిల్లర లోపాలున్నాయి, అందులో కొన్ని ప్రమాదకరమైనవి, వెంటనే సరిచేసుకోండి అంటుంది. సరే, చెయ్యి అని నొక్కామా, కార్డు నంబరు అడుగుతుంది. ఏడాదికి వెయ్యో, రెండు వేలో. పోనీ కట్టినవాళ్ల దగ్గరైనా నోరు మూసుకుంటుందా అంటే అదీ లేదు. వారం వారం "ఇంత చెత్త తీశాను" అని లెక్క చెబుతుంది, ఆ లెక్క కిందనే ఇంకా పెద్ద ప్యాకేజీ ధర చూపిస్తుంది.

మా రోజుల్లో చెత్త తీసినవాడికి ఇంత నోరుండేది కాదు. పని చేసేవాడు, కాల్ రిపోర్టు మీద సంతకం పెట్టించుకునేవాడు, ఇస్తే టీ తాగేవాడు, బస్సెక్కి వెళ్లిపోయేవాడు. సికింద్రాబాదులో ఒక సర్వీసు కంపెనీ తరఫున అలా బస్సులెక్కి తిరిగినవాణ్ణే నేను. ఈ విషయంలో గొణుక్కునే హక్కు నాకు కాస్త ఉందనుకుంటాను.

అప్పట్లో కంప్యూటరంటే ఒక గది. రంగరాజన్ కమిటీ 1984లో బ్యాంకుల్లో యంత్రాలు పెట్టమని చెప్పాక, యూనియన్ల గొడవలు ఒక కొలిక్కి వచ్చాక, ఒక్కో బ్రాంచిలో ఏఎల్‌పీఎంలని లెడ్జరు మిషన్లు దిగాయి. మేనేజరుగారికి ఫ్యాను, మిషనుకు ఏసీ. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆడిటరు కూడా బూట్లు విప్పి మేజోళ్లతో లోపలికొచ్చేవాడు. దసరాకి మానిటరుకు పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్లు. ఆ కుంకుమ కీబోర్డులోకి రాలి, పండగ మర్నాడు 'ఎంటర్' మీట లేవడం లేదని మాకు ఫోను.

మా సంచిలో ఏముండేవో చెబితే ఇప్పటి కుర్రాళ్లు నవ్వుతారు. స్టార్ స్క్రూడ్రైవరు, పెయింటు బ్రష్షు, దూది, స్పిరిటు సీసా, పెన్సిలు రబ్బరు, రెండు డబ్బాల ఫ్లాపీలు. రబ్బరెందుకంటారా? సిస్టం ఆన్ చేస్తే తెర మీద ఏమీ రాకుండా బీప్ బీప్‌మని అరుస్తోందంటే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని. స్విచ్చాపి, ప్లగ్గు పీకి, మూత తీసి, రెండు పక్కలా క్లిప్పులు వెనక్కి తోసి ఆ పచ్చ పట్టీని బయటికి లాగాలి. దాని అంచున బంగారు రంగు గీతలు వరసగా ఉంటాయి. తేమకీ దుమ్ముకీ అవి మసకబారతాయి. రబ్బరుతో ఒకే దిశలో, మెల్లగా, నాలుగుసార్లు రుద్దితే మెరుపు తిరిగొస్తుంది. పొట్టు ఊదేసి, స్లాటు కూడా బ్రష్షుతో దులిపి, రెండు చివర్లూ "టక్" మనేదాకా నొక్కాలి. ఆన్ చేస్తే ఒక్క చిన్న బీప్, దాని వెనకే తెర మీద ర్యామ్ లెక్కపెట్టే అంకెలు పరుగు. రబ్బరు ఖరీదు రూపాయి. డెస్క్‌టాపుల మీద ఈ చిట్కా ఇవాళ్టికీ పనిచేస్తుంది, అనుమానముంటే సికింద్రాబాదు కంప్యూటర్ల బజారు సీటీసీలో ఏ కుర్రాణ్ణయినా అడగండి.

మౌసుకి కడుపులో బంతి ఉండేది. బాణం గుర్తు కదలడం లేదంటే కింద చక్రం తిప్పి బంతి తీసి, లోపలున్న చిన్న రోలర్ల మీద పేరుకున్న నల్లటి మురికిని గోటితో గీకేవాళ్లం. అది పట్టీలు పట్టీలుగా ఊడి వస్తుంటే అదో ఆనందం. కరెంటిచ్చే డబ్బా ఎస్ఎంపీఎస్ విప్పితే మాడిన బల్లి. ప్రింటరు కేబులు ఎలుక కొరికేది. ఫ్లాపీ డ్రైవు హెడ్డుకు స్పిరిటు దూది. కంటికి కనిపించే మురికి, చేతికి అంటుకునే మురికి. తీశామో లేదో ఎవరికైనా తెలిసేది.

ఇక సాఫ్ట్‌వేరు. మా ఫ్లాపీ డబ్బాలో రాజ్యమేలింది నార్టన్ యుటిలిటీస్. పీటర్ నార్టన్ అనే అమెరికా ప్రోగ్రామరు 1982లో తెచ్చాడు దాన్ని. చొక్కా చేతులు మడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డ ఆయన ఫొటో అట్ట మీద ఉండేది. మా బ్యాచిలో చాలామంది ఆయన్ని మనసులో గురువుగా పెట్టుకున్నారు, నాతో సహా.

అది ఏం చేసేదో ఒక్క సంగతి చెబుతాను. అప్పట్లో మా మిషన్లను నడిపింది డాస్ అనే ఆపరేటింగ్ సిస్టం. డాస్‌లో ఫైలు తుడిచేస్తే నిజంగా తుడిచిపెట్టుకుపోదు. పేరులో మొదటి అక్షరం తీసేసి అక్కడొక గుర్తు పెడుతుంది, ఆ ఫైలు కూర్చున్న చోటు ఖాళీ అని రాసుకుంటుంది. అంతే. ఆ చోటు మీద ఇంకోటి రాయనంతవరకు లోపలి సరుకు చెక్కుచెదరదు. ఒక కో-ఆపరేటివ్ సొసైటీలో నెలాఖరు రోజున జీతాల ఫైలు ఎగిరిపోయింది. గుమాస్తా మొహంలో నెత్తురు చుక్క లేదని ఫోనులో గొంతు వింటేనే తెలిసింది. "ఎవరూ ఏ మీటా ముట్టుకోకండి" అని చెప్పి పరిగెత్తాను. ఫ్లాపీ వేసి అన్‌ఇరేజ్ తెరిస్తే, పేర్ల వరసలో ఒకటి ముందు ప్రశ్నగుర్తు పెట్టుకుని ఉంది. 'శాలరీ'లో 'ఎస్' పోయి మిగతా అక్షరాలున్నాయి. ఆ మొదటి అక్షరమేమిటో చెప్పమని అడిగింది. గుమాస్తాగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఆ 'ఎస్' ఆయన చేతే కొట్టించాను. ఫైలు లేచి కూర్చుంది. సాయంత్రానికి జీతాల బట్వాడా అయిపోయింది.

అదీ డబ్బిచ్చి కొనదగ్గ సరుకంటే. డాస్ తనంతట తాను చేయలేని పని చేసింది, చేశాక ఫ్లాపీ సంచిలోకి వెళ్లిపోయింది. మిషను మీద కాపురం పెట్టలేదు.

డబ్బిచ్చి కొనదగ్గదన్నానే గానీ, ఇచ్చినవాడెవడు? ఊళ్లో ఎక్కడో ఒక ఒరిజినల్ పెట్టె ఉంటే దాని పిల్లలూ మనవలూ జంటనగరాలంతా తిరిగేవి. మాన్యువల్ జిరాక్సులకి బైండింగు కూడా చేయించేవాళ్లు. "మా రోజుల్లో ఇవన్నీ ఫ్రీ" అని నా వయసువాడెవడైనా అంటే నమ్మకండి, అది ఫ్రీ కాదు, కాపీ. వైరస్సులు ఊరూరా తిరిగింది కూడా ఆ ఫ్లాపీల మీదెక్కే.

ఈ పాత పురాణం ఎందుకు విప్పానంటే, తరవాత జరిగింది చాలామందికి తెలియదు. 1990లో నార్టన్ తన కంపెనీని సిమాంటెక్‌కి అమ్మేశాడు. 1991లో వచ్చిన డాస్ 5లో పోయిన ఫైలు తిరిగి తెచ్చే 'అన్‌డిలీట్' మైక్రోసాఫ్టే పెట్టి ఇచ్చింది. 1993లో డాస్ 6 వచ్చింది, అందులో డిస్కు సర్దే 'డీఫ్రాగ్' ఉంది. అది ఇంకెవరిదో కాదు, సిమాంటెక్ దగ్గర లైసెన్సు తీసుకున్న సరుకే. అదే ఏడాది 6.2లో డిస్కు తనిఖీ చేసే 'స్కాన్‌డిస్క్'. విండోస్ 98లో చెత్త ఫైళ్లు తీసే 'డిస్క్ క్లీనప్'. విండోస్ విస్టా నుంచి డిస్కు సర్దడం వారానికోసారి దానంతటదే, మనం నిద్రపోతుంటే. 2009లో మైక్రోసాఫ్ట్ ఉచిత యాంటీవైరస్ విడిగా ఇచ్చింది, విండోస్ 8 నుంచి డిఫెండరు పేరుతో లోపలే పెట్టేసింది. విండోస్ 10లో చెత్త ఫైళ్లు దానంతటదే తీసే 'స్టోరేజ్ సెన్స్'. డ్రైవర్లు కూడా చాలావరకు అప్‌డేట్‌తోపాటే దిగుతాయి. అంటే మేము సంచిలో మోసిన మందులన్నీ ఒక్కటొక్కటిగా మిషను లోపలికే చేరాయి. విండోస్ కొన్నప్పుడే వాటి డబ్బూ కట్టేశాం.

మరి విడిగా అమ్మేవాళ్లకి ఏం మిగిలింది? భయం మిగిలింది. దానికి మాత్రం డిమాండు తగ్గలేదు.

రిజిస్ట్రీ క్లీనర్ల సంగతే తీసుకోండి. విండోస్ 95 నుంచి సెట్టింగులన్నీ రిజిస్ట్రీ అనే ఒకచోట కుప్పపోసి పెడుతున్నారు. మీరు ఒక ప్రోగ్రాము తీసేస్తే దాని తాలూకు వరసలు కొన్ని అందులో మిగిలిపోతాయి. వాటి వల్ల ఎవరికీ నష్టం లేదు. విండోస్ తనకి కావలసిన వరస ఎక్కడుందో నేరుగా అక్కడికే వెళ్లి చదువుకుంటుంది, మిగతావాటి జోలికి పోదు. మనవాళ్లు అమ్మే సాఫ్ట్‌వేరు చేసేదల్లా ఆ మిగిలిపోయిన వరసల్ని లెక్కపెట్టి, ఒక్కోదాన్నీ ఒక లోపంగా చూపించి, ఎర్ర రంగు వేయడం. ఆ వెయ్యి చిల్లర లోపాలు చాలామటుకు అక్కణ్ణుంచే వస్తాయి. అన్నీ తీసేసినా తగ్గేది కొన్ని కేబీలు. అటక మీద నుంచి పాత శుభలేఖ ఒకటి తీసేసి, ఇల్లు విశాలమైంది, కూలి ఇవ్వండి అన్నట్టుంటుంది వ్యవహారం. రిజిస్ట్రీ క్లీనర్లను వాడమని తాము చెప్పం, వాటివల్ల ఏదైనా చెడితే తమ పూచీ లేదని మైక్రోసాఫ్టే తన సహాయం పేజీలో రాసి పెట్టింది.

కొన్నిసార్లు శుభలేఖతోపాటు ఇంటి పత్రాలూ పోతాయి. నాకు తెలిసిన ఒక డీటీపీ సెంటరులో అదే జరిగింది. పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరు, ఏళ్ల తరబడి పెళ్లిపత్రికలూ కరపత్రాలూ దాని మీదే కొడుతున్నారు. అబ్బాయెవరో డబ్బు కట్టి తెచ్చిన క్లీనరు, "పనికిరానివి" అని కొన్ని వరసలు తీసేసింది. మర్నాడు పేజ్‌మేకరు తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట డాలర్లూ కొక్కేలూ. ముహూర్తాల సీజను. ఆ సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కిద్దామంటే సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రెండు రోజులు షాపు మూసుకున్నంత పనైంది.

డీఫ్రాగ్ సంగతి ఇంకా చిత్రం. హార్డ్ డిస్కులో పళ్లెం తిరుగుతుంది, దాని మీద సూదంత హెడ్డు అటూ ఇటూ పోతుంది. ఒకే ఫైలు ముక్కలై పదిచోట్ల ఉంటే హెడ్డు పదిచోట్లకీ పోవాలి, అందుకే ఆలస్యం. ముక్కల్ని ఒకచోటికి చేరిస్తే నిజంగానే వేగం పెరిగేది. రంగు గడులు ఒక్కొక్కటే కదిలి సర్దుకోవడం చూస్తూ సగం మధ్యాహ్నం గడిపేశాం మేము, తెలుగు డైలీ సీరియళ్లు ఇంకా మొదలవని రోజుల్లో. ఇప్పటి ఎస్ఎస్‌డీలో పళ్లెమూ లేదు, హెడ్డూ లేదు. ఏ మూలనున్న ముక్కయినా ఇంచుమించు ఒకే వేగంతో దొరుకుతుంది. పైగా అందులో ఒక్కో గడిని ఇన్నిసార్లే రాయగలమని పరిమితి ఉంది. అక్కణ్ణుంచి తీసి ఇక్కడ పెట్టడమంటే ఊరికే అరగదీయడమే. విండోస్ 7 నుంచి ఎస్ఎస్‌డీకి కావలసిన 'ట్రిమ్' అనే పని విండోసే చూసుకుంటోంది. అయినా డబ్బాల మీద పెద్ద అక్షరాలతో 'డిస్క్ డీఫ్రాగ్' అని అచ్చువేసి అమ్ముతూనే ఉన్నారు.

"టెంపరరీ ఫైళ్లు తీశాను" అంటుంది చూశారూ, అందులో సింహభాగం బ్రౌజరు దాచుకున్న బొమ్మలూ పేజీలూ. మళ్లీ ఆ పేజీ తెరిచినప్పుడు తొందరగా రావాలని దాచుకున్నవి. అవి తీసేస్తే బ్రౌజరు మళ్లీ నెట్‌లోంచి దింపుకుంటుంది, మళ్లీ దాచుకుంటుంది. వచ్చే వారం క్లీనరుకి మళ్లీ అంత చెత్త! ఈ లెక్క ఎప్పటికీ సున్నాకి రాదు, రాకూడదు కూడా. కుకీలు కూడా ఊడ్చేస్తే ఇక చెప్పనక్కర్లేదు. పెద్దాయన మెయిల్లోంచి బయట పడతాడు, పాస్‌వర్డు గుర్తుండదు, ఓటీపీ ఎప్పుడో పారేసిన సిమ్ముకి పోతుంది.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. 1995లో ర్యామ్ ధర కొండెక్కి కూర్చున్న రోజుల్లో అమెరికాలో సాఫ్ట్‌ర్యామ్95 అని ఒకటి వచ్చింది. మీ ర్యామ్‌ని రెట్టింపు చేస్తానంది. లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. విప్పి చూసినవాళ్లకి తేలిందేమిటంటే, విండోస్ 95 మీద అది ర్యామ్‌ని పెంచడం మాట దేవుడెరుగు, చేస్తానన్న కుదింపు పనే చేయడం లేదు. తెర మీద ముల్లు మాత్రం రెట్టింపు చూపించేది. 1996లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను దాని సంగతి తేల్చింది. ఫోనుల్లో "ర్యామ్ బూస్టరు" అని రాకెట్టు బొమ్మ నొక్కించే యాప్‌లన్నీ దాని వంశమే.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండించింది 2019లో తేలిన ఆఫీస్ డిపో కేసు. అమెరికాలో పెద్ద దుకాణాల గొలుసు అది. కంప్యూటరు తీసుకొస్తే ఉచితంగా పరీక్ష చేస్తామని పిలిచేవాళ్లు. మొదట నాలుగు ప్రశ్నలు. నెమ్మదిగా నడుస్తోందా? వైరస్సు హెచ్చరికలు వస్తున్నాయా? పిలవని ప్రకటనలు వస్తున్నాయా? తరచూ ఆగిపోతోందా? అవునన్న చోటల్లా టిక్కు పెట్టేవారు. ఆ తరవాత స్కాన్ అని ఒక గీత అటు నుంచి ఇటు పాకేది. చివరికి ఫలితం: వైరస్ లక్షణాలున్నాయి, ఇంత కట్టండి. ట్రేడ్ కమిషను ఏమందంటే, ఆ ఫలితం స్కాన్ నుంచి రాలేదు, మొదట పెట్టిన టిక్కుల నుంచి వచ్చింది! నాలుగింట్లో ఒక్కదానికి టిక్కు పడినా చాలు, గీత ఏం చూసినా చూడకపోయినా జబ్బుందనే రాసిచ్చేది. కంప్యూటరు నెమ్మదిగా ఉందనకుండా సర్వీసుకు తెచ్చేవాడు ఎవడుంటాడండీ? దుకాణం రెండున్నర కోట్ల డాలర్లు, ఆ సాఫ్ట్‌వేరు ఇచ్చిన సపోర్ట్.కామ్ కోటి డాలర్లు కట్టి ఒప్పందం చేసుకున్నాయి. మా రోజుల్లో లేని జబ్బు రాసిన సర్వీసు ఇంజనీరు ఆ బ్రాంచి గుమ్మం మళ్లీ తొక్కేవాడు కాదు, ఎందుకంటే ఆ బ్యాంకు ప్యూను ఊరంతా చెప్పేవాడు.

2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే ఇంకో రెండు కంపెనీల వంతు వచ్చింది. విండోస్ పంపినట్టు నకిలీ హెచ్చరికలు చూపించి రిపేరు సాఫ్ట్‌వేరు అమ్మారని రెండు కోట్ల అరవై లక్షల డాలర్ల ఒప్పందం. మనం వాళ్లని చూసి నవ్వాల్సిన పనిలేదు. ఫోనులో ఇంగ్లీషు యాసలు మార్చి, అమెరికాలోని ముసలివాళ్ల చేత ఈవెంట్ వ్యూయరు తెరిపించి, అందులో ఎర్ర గుర్తులు చూపించి హడలగొట్టే కాల్ సెంటర్లు మన దేశంలోనే నడిచాయి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదుల మీద సీబీఐ 2023 అక్టోబరులో 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో దాడులు చేసింది. ఈవెంట్ వ్యూయరులో ఎర్ర గుర్తులూ పసుపు గుర్తులూ నిన్న కొన్న మిషనులోనూ ఉంటాయి. అది యంత్రం రాసుకునే రోజువారీ చిట్టా, అంతకు మించి ఏమీ కాదు.

సరే, పెద్ద పేరున్నదే వాడదామంటారా? సీక్లీనరు కన్నా పేరున్న క్లీనరు లేదు. 2004 నుంచి ఉంది, నేనూ వాడాను, చాలాకాలం మంచి పనిముట్టు. 2017లో ఆ కంపెనీని అవాస్ట్ కొన్నది. అదే ఏడాది సెప్టెంబరులో తెలిసింది: కంపెనీ అధికారికంగా ఇచ్చిన 5.33 వెర్షన్‌లోకే దొంగలు తమ కోడు దూర్చేశారు, అది ఇరవై రెండు లక్షలకు పైగా మిషన్లలోకి చేరింది. శుభ్రం చేసేదే మురికి మోసుకొచ్చింది. వీటికి మనం ఇచ్చే అధికారం సామాన్యమైనది కాదు మరి. సిస్టం మొత్తం చూడొచ్చు, తీయొచ్చు, మార్చొచ్చు అని తాళాలగుత్తి చేతికిస్తాం.

ఇంతమాత్రాన పైసా ఖర్చుపెట్టకూడదని నేనను. యాంటీవైరస్ విషయంలో ఒక కాలం వేరు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ దెబ్బకి హార్డ్ డిస్కుల్లో మొదటి భాగం తుడుచుకుపోయింది, కొన్ని బోర్డుల్లో మిషనును నిద్రలేపే బయోస్ చిప్పే చచ్చింది. అదే రకం మంచి బోర్డు వెతికి, అది నడుస్తుండగానే దాని చిప్పు ఊడదీసి, చచ్చిన చిప్పు అక్కడ గుచ్చి మళ్లీ రాసేవాళ్లం. చేయి వణికితే రెండు బోర్డులూ పోతాయి. ఆ తరవాత కొన్నేళ్లు సీటీసీలో, పార్క్‌లేను సందుల్లో, క్విక్ హీల్ పెట్టెలు వేడివేడిగా అమ్ముడుపోయాయంటే న్యాయమే. పుణెలో క్యాలిక్యులేటర్లు బాగుచేసే షాపు నుంచి పుట్టిన కంపెనీ అది. పెన్‌డ్రైవు గుచ్చితే చాలు వైరస్ దిగే కాలంలో ఆ పెట్టె పని ఆ పెట్టె చేసింది. ఇప్పుడు డిఫెండరు లోపలే ఉంది, ఇంట్లో వాడే మామూలు మనిషికి సరిపోతుంది. ఆఫీసులో యాభై మిషన్లుండి, అన్నిటినీ ఒకచోట కూర్చుని చూసుకోవాలంటే డబ్బిచ్చి కొనుక్కోండి, తప్పులేదు. డిస్కు మొత్తాన్ని నకలు తీసి పెట్టే బ్యాకప్ సాఫ్ట్‌వేరుకీ ఇవ్వొచ్చు. పోయిన పెళ్లి ఫొటోలు తిరిగి తెచ్చే రికవరీ సాఫ్ట్‌వేరుకీ ఇవ్వొచ్చు, అదీ ఆ ఒక్క అవసరానికి. మిషను లోపల ఏం జరుగుతోందో చూడాలన్న కుతూహలముంటే సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లున్నాయి. మార్క్ రస్సినోవిచ్ అనే మహానుభావుడు రాసినవి, 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసి ఇప్పటికీ ఊరికే ఇస్తోంది. వాటి ముందు ఈ చందా సాఫ్ట్‌వేర్లు బొమ్మలు.

ఫోనుల గురించి ఒక్క మాటే. క్లీనరు యాప్‌లు వద్దు. ఫోను నిండింది శుభోదయం గులాబీల వల్ల, కార్తీకదీపాల వీడియోల వల్ల. వాట్సాప్ స్టోరేజీలోకి వెళ్లి బంధువుల గ్రూపు పేరు మీద నొక్కండి, తెలుస్తుంది.

మా పక్కవీధిలో ఒక మాస్టారున్నారు, లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కంప్యూటరు తెరుచుకోవడానికి ఐదారు నిమిషాలు పడుతోందని వాళ్లబ్బాయి డల్లాస్ నుంచి ఇలాంటి క్లీనరొకటి కొని పెట్టాడు, తన కార్డు మీద. మన కార్డయితే 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది, ఏటా దానంతటదే తెగే చందా కోసేముందు ఇరవై నాలుగు గంటల ముందే కబురు రావాలి. అమెరికా కార్డుకి మన రిజర్వు బ్యాంకుతో పనేముంది? ఏటా డబ్బు పోతూనే ఉంది, మాస్టారి మిషను పాకుతూనే ఉంది.

నేను వెళ్లి టాస్క్ మేనేజరులో స్టార్టప్ పేజీ తెరిచాను. విండోస్ 8 నుంచీ ఉన్న వసతే అది. ఏయే ప్రోగ్రాములు పొద్దున్నే లేచి కూర్చుంటున్నాయో, ఏది ఎంత భారం వేస్తోందో వరసగా చూపిస్తుంది. భారం ఎక్కువన్న వాటిల్లో మొదటిది, తమరు ఊహించే ఉంటారు, ఆ క్లీనరే. రెండోది దాని అప్‌డేటు చూసే పనివాడు.

"మాస్టారూ, రోగం మందులోనే ఉంది" అన్నాను.

"అదేమిటండీ, ఇంజనీరుగారూ! వారానికి మూడు జీబీ తీస్తోందది. నేను నోటుపుస్తకంలో రాసి పెడుతున్నాను."

నిజంగానే రాసి పెట్టారు. తేదీ, తీసిన చెత్త, మొత్తం. కిందకి కూడిక కూడా వేశారు. "ఈ లెక్కన మీ డిస్కు ఇప్పటికి మాయమైపోయి ఉండాలి కదా మాస్టారూ" అంటే కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

రెండేళ్ల చందా డబ్బుతో చిన్న ఎస్ఎస్‌డీ వస్తుంది. పార్క్‌లేను వెళ్లి తెచ్చాను. వెనక మూత విప్పితే ఫ్యాను రెక్కల మధ్య బూడిదరంగు దుమ్ము పొరలు పొరలుగా, ఒక చిన్న సాలెపురుగుతో సహా. బ్రష్షు పెట్టి లాగితే ముద్దగా వచ్చింది. పాత హార్డ్ డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్తదానికి దించి, దాన్ని బిగించి, పాతదాన్ని ఒక కేసులో పెట్టి, ఫొటోలన్నీ దాని మీదకి నకలు తీసి బీరువాలో దాచమన్నాను. పనిలో పనిగా ర్యామ్ పట్టీకి రబ్బరు పెట్టాను, అవసరం లేకపోయినా, చేతి అలవాటు. ఆన్ చేస్తే, ఆయన గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి వచ్చేలోపు తెరుచుకుని ఉంది.

మాస్టారి మొహం వెలిగిపోయింది. అబ్బాయికి వీడియో కాల్ చేసి చూపించారు. వాడు "థ్యాంక్సండీ అంకుల్" అన్నాడు. ఇదే అదను అనుకుని, "మరి ఆ క్లీనరు తీసేయనా? చందా కూడా ఆపేయ్ బాబూ" అన్నాను.

"ఆపేస్తాను అంకుల్" అన్నాడు వాడు.

మాస్టారు మాత్రం అడ్డం పడ్డారు. "వద్దు వద్దు, తీయకండి. డబ్బు కట్టాం కదా, ఇంకా ఏడు నెలల గడువుంది. అప్పటిదాకా ఉండనివ్వండి."

ఎంత చెప్పినా వినలేదు. ఆయన గ్లాసు లోపల పెట్టడానికి వెళ్లినప్పుడు స్టార్టప్‌లోంచి దాన్ని ఆపేసి, చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.